కొండ చదును చెయ్యొద్దు, గేటు తియ్యండి

విద్యార్థి సంఘం కార్యదర్శి మా గదికి వచ్చి, "మాస్టారూ, ఈ ఏడు సావనీరుకి మీరేదైనా రాసివ్వాల్సిందే. కిందటేడులా తప్పించుకుంటే ఒప్పుకోం" అని పట్టుబట్టాడు. ఏం రాయమంటావయ్యా అంటే, "విద్యార్థులకి పనికొచ్చేది ఏదైనా సరే" అన్నాడు. గోల్ఫ్ గురించి రాస్తానన్నాను. అతని మొహం చిన్నబోయింది. "గోల్ఫా మాస్టారూ! అది డబ్బున్నవాళ్ల ఆట కదండీ. మనకెందుకండీ?" అన్నాడు.

అతనన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కాని ఆ ఒక్క మాటలో రెండు సంగతులు కలగాపులగం అయిపోయాయి. ఆట కష్టమైనదనేది ఒకటి. ఆట కొందరిదేననేది రెండోది. ఈ రెండూ ఒకటి కావు. మన కాలేజీలో ఈ ఏడాది జరుగుతున్న గొడవలకి చాలావరకు మూలం కూడా ఈ కలగాపులగమేనని నా అభిప్రాయం. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా నా అర్హత ఏపాటిదో చెప్పుకోవాలి. నేను గోల్ఫ్ ఆటగాణ్ణి కాను. మా నాన్న మా ఊళ్లో ఒక క్లబ్బులో తోటమాలి. గడ్డి కోయడం, నీళ్లు పెట్టడం, ఎండుటాకులు ఊడ్చడం ఆయన పని. సెలవురోజుల్లో నేనూ వెంట వెళ్లేవాణ్ణి. బంతి ఏ తుప్పలో పడిందో చూసి తెచ్చిస్తే ఆడే పెద్దమనుషులు పావలా ఇచ్చేవారు. చూసి చూసి, ఎవరు బాగా ఆడతారో, ఎవరు దొంగాట ఆడతారో పదేళ్ల వయసుకే నాకు తెలిసిపోయింది. ఒకరోజు ఎవరో సంచీ ఆనించి లోపలికి వెళ్తే అందులోంచి ఒక కర్ర బయటికి లాగాను. నాన్న ఎక్కణ్ణించి చూశాడో పరుగెత్తుకొచ్చాడు. "ఒరే, దాన్ని ముట్టుకోకురా. నా పని ఊడిపోద్ది" అన్నాడు. కోపంతో అనలేదు, భయంతో అన్నాడు. కర్ర మళ్లీ సంచీలో పెట్టేశాను. తరవాత ఇంటి వెనకాల సరుగుడు తోటలో, వంపు తిరిగిన జామకొమ్మతో సరుగుడు కాయల్ని కొడుతూ నా గోల్ఫ్ నేను ఆడుకున్నాను. ఆ తరవాత చదువూ, ఉద్యోగమూ. నలభై ఏళ్లకు పైగా మళ్లీ ఆ ఆట జోలికి పోలేదు.

మొన్న అక్టోబరులో ఒక సదస్సుకని సిమ్లా వెళ్లాను. సదస్సు జరిగింది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీలో. ఆ భవనం 1888లో వైస్రాయిలు వేసవి గడపడానికి కట్టుకున్నది. 1945లో సిమ్లా సమావేశం జరిగింది అందులోనే. స్వాతంత్ర్యం వచ్చాక అది రాష్ట్రపతి విడిది అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతిగా ఉండగా, ఏడాదిలో నాలుగు రోజులు కూడా వాడని ఆ సౌధం చదువుకి పనికిరావాలని పండితులకి అప్పగించేశారు. 1965 అక్టోబరు 20న సంస్థను ప్రారంభించింది కూడా ఆయనే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా ఉపాధ్యక్షుడుగా ఉన్న మనిషాయన. విద్యాలయం విలువ తెలిసినవాడు చేసే పని అది. వైస్రాయి ఇంటి గేటు తీశారు. లోపల జరిగే చదువు మాత్రం సులువు చెయ్యలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆదివారం సెలవు. ఎక్కడికి పోదామా అనుకుంటుంటే, సదస్సుకి వచ్చిన ఒక మిత్రుడు నల్దేరా చూసి రమ్మన్నాడు. సిమ్లాకి ఇరవై రెండు, ఇరవై మూడు కిలోమీటర్లుంటుంది. మషోబ్రా మీదుగా తత్తాపానీ పోయే దారిలో వస్తుంది. బస్సెక్కి దిగాను. సముద్రమట్టానికి రెండువేల మీటర్ల పైన, కొండ నడినెత్తిన పచ్చిక. చుట్టూ దేవదారు చెట్లు. మన తాటిచెట్టు పక్కన నిలబెడితే తాటిచెట్టు పిల్లకాయలా కనబడేంత ఎత్తు. చెట్ల సందుల్లోంచి చూస్తే ఎక్కడో అడుగున సట్లెజ్ లోయ. ఆ పచ్చిక మీద గోల్ఫ్ ఆడతారు. మన దేశంలోని పాత గోల్ఫ్ మైదానాల్లో అదొకటి.

ఈ మైదానానికి మూలపురుషుడు లార్డ్ కర్జన్. 1899 నుంచి 1905 దాకా వైస్రాయి. ఈ చోటు మీద ఆయనకి ఎంత మోజంటే, 1904లో పుట్టిన మూడో కూతురికి అలెగ్జాండ్రా నల్దేరా అని పేరు పెట్టుకున్నాడు. అదే 1904లో ఆయనే ఇంకో పని చేశాడు. భారత విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చాడు. చదువు ప్రమాణాలు పెంచడానికని పైకి చెప్పాడు. చేసిందేమిటంటే, సెనేట్ల మీద సర్కారు పట్టు పెంచాడు, కాలేజీలకి అనుబంధం ఇచ్చే షరతులు బిగించాడు. గోఖలే శాసనమండలిలో దాన్ని గట్టిగా ఎదిరించాడు. అంటే కర్జన్ దొర లెక్కలో, ప్రమాణం పెంచడమంటే గేటు మూయడమన్నమాట. కొండ ఎత్తుగా ఉండాలంటే ఎక్కేవాళ్లు తక్కువగా ఉండాలని ఆయన సిద్ధాంతం.

దొర పోయాడు, మైదానం మిగిలింది. దానికి దొర కంటే పాత యజమాని ఉన్నాడు. నాగదేవుడు. నల్దేరా అనే పేరే నాగుడి డేరా, అంటే నాగుడి నెలవు అన్న మాటలోంచి వచ్చిందని చెబుతారు. ఆ దేవుడి గుడి మైదానం మధ్యలోనే ఉంది. గుడికి పోయేవాళ్లు అడ్డంగా నడిచి పోతుంటే ఆడేవాడు కర్ర దించి ఆగాల్సిందే. గుర్రాలెక్కి తిరిగే పిల్లలూ, అన్నం డబ్బాలు తెచ్చుకున్న కుటుంబాలూ చుట్టూ ఉంటారు. ఆడాలనుకుంటే క్లబ్బు సభ్యత్వం అక్కర్లేదు. రుసుము కట్టి రసీదు తీసుకోవాలి. కర్రలు అద్దెకిస్తారు. ఆ రసీదు చేతిలో పట్టుకుని నేను కాసేపు అలాగే నిలబడిపోయాను. ఎవరూ నన్ను మీ నాన్నగారేం చేసేవారని అడగలేదు.

నా సంచీ మోయడానికి ఒక కుర్రాడు వచ్చాడు. మన సెకండియర్ పిల్లలంత వయసుంటుంది. నా హిందీ దూరదర్శన్ హిందీ. అతనిది పహాడీ కలిసిన హిందీ. మొత్తానికి సర్దుకుపోయాం.

ఇక ఆట. అక్కడి పద్దెనిమిది గుంతలకీ కలిపి పార్ 68. పార్ అంటే ఆరితేరినవాడు బంతిని కొట్టి గుంతల్లో వెయ్యడానికి పట్టాల్సిన దెబ్బల లెక్క. అంకె చూస్తే పెద్ద కష్టమనిపించదు. మైదానం పొడవూ తక్కువే. కాని పొడవు తక్కువని ఆ కొండని తక్కువ అంచనా వేస్తే అంతే సంగతులు. ఎక్కడా రెండు కాళ్లూ ఒక ఎత్తున ఆనవు. బంతి పాదాల కంటే ఎత్తున ఉంటే కొట్టిన దెబ్బ ఎడమకి లాగుతుంది, పల్లాన ఉంటే కుడికి జారుతుంది. అటూ ఇటూ దేవదార్లు. ఏటవాలు మీద రాలిన ఆకుల సూదులు కాలు నిలవనివ్వవు. కొన్ని గుంతలు కళ్లెదుట ఉండవు, దిగువన ఉంటాయి. ఎగువకి కొడితే బంతి అనుకున్నంత పోదు, దిగువకి కొడితే ఆపినా ఆగదు. అన్నిటికన్నా వింత, గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి. మన కంటికి కుడికి వాలుగా కనబడుతుంది. బంతి ఎడమకి పోతుంది. ఇదేమిటని అడిగితే కుర్రాడు నవ్వి, "కళ్లని నమ్మకండి సాబ్. లోయ ఎటుంటే బంతి అటే" అన్నాడు.

మొదటి దెబ్బకి కర్ర గాలిని కోసింది. బంతి కదల్లేదు. "అదీ ఒక దెబ్బేనా?" అన్నాను. "అదీ ఒకటే సాబ్" అన్నాడు మర్యాదగా. రెండోది మూడు గజాలు దొర్లింది. మూడోది చెట్టుకి తగిలి వెనక్కి వచ్చింది. ఇలా ఎన్నని చెప్పను! అయిదు బంతులు లోయపాలు చేశాను.

నాలుగో గుంత దగ్గర బంతి ఒక దేవదారు వేళ్ల మధ్య ఇరుక్కుంది. చుట్టూ ఎవరూ లేరు. కుర్రాడు లోయకేసి చూస్తున్నాడు. కావాలనే చూస్తున్నాడని తరవాత తోచింది. బూటుకొనతో బంతిని జానెడు జరిపాను. తరవాత దెబ్బ బ్రహ్మాండంగా పడింది. గుంతలో వేశాక కుర్రాడు పెన్సిలు తీసి, "ఆరు సాబ్" అన్నాడు. పాతికేళ్లుగా పరీక్ష హాల్లో పిల్లల జేబులు తడిమినవాణ్ణి నేను. చీటీలు పట్టుకుని డిబారు చేయించినవాణ్ణి. "ఆరు కాదు. బంతి జరిపాను. జరిమానా రెండు కలిపి ఎనిమిది వెయ్యి" అన్నాను. అతను ఏమీ అనలేదు. ఎనిమిది వేశాడు. కాని అక్కణ్ణించి నాతో మాట్లాడే తీరు మారింది. అంతవరకు పర్యాటకుడితో మాట్లాడాడు, ఆ తరవాత ఆడేవాడితో మాట్లాడాడు. ఎక్కడ నిలబడాలో, కర్ర ఎంత పొట్టిగా పట్టుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు.

సగం ఆట, అంటే తొమ్మిది గుంతలు పూర్తయ్యేసరికి నా లెక్క 79. అందులో ఒక్కటి మాత్రం దెబ్బంటే దెబ్బ. ఎత్తున నిలబడి దిగువన కనిపించే చిన్న పచ్చని ముక్క మీద వెయ్యాలి. బంతి లేచింది. దేవదార్ల పైకెక్కి, ఆకాశంలో ఒక్క క్షణం నిలబడినట్టై, నిటారుగా గడ్డి మీద దిగి అక్కడే ఆగింది. "షాబాష్!" అని కుర్రాడు సంచీ కింద పెట్టేశాడు. ఆ కొండ అంత కష్టమైనది కాకపోయుంటే ఆ ఒక్క దెబ్బకి అంత సంబరం ఉండేది కాదు. ఎవరో దయతలచి నా కోసం వాలు చదును చేసి, చెట్లు కొట్టించి, గుంత వెడల్పు చేసి ఉంటే 79కి బదులు 50 వచ్చి ఉండేవేమో. నాకేం మిగిలేది?

టీ తాగుతూ, నువ్వు ఆడతావా అని కుర్రాణ్ణి అడిగాను. "పొద్దున్నే, పర్యాటకులు రాకముందు ఆడతాం సాబ్" అన్నాడు. మా నాన్నకి, నాకు దొరకనిది అతనికి దొరికింది. అలాగని ఆ గేటు పూర్తిగా తెరిచి ఉందని నేననను. రుసుమూ, కర్రల అద్దే, క్యాడీకిచ్చేదీ కలిపితే కూలివాడికి అందే లెక్క కాదు. సగం తీసిన గేటది. మూసిన గేటు చూసినవాడికి సగం తీసింది కూడా గొప్పగానే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఆటలో గొప్పవాళ్లయినవాళ్లలో సంచీలు మోసినవాళ్లున్నారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే. అంతకుముందు దక్షిణాఫ్రికాలో పాప్వా సెగోలం అనే భారత సంతతి ఆటగాడుండేవాడు. అతనూ క్యాడీయే. కర్ర పట్టుకునే తీరు కూడా అందరికీ తిరగబడి ఉండేది. ఎడమచెయ్యి ఉండాల్సిన చోట కుడిచెయ్యి. ఆ పట్టుతోనే 1959లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో డర్బన్‌లో నాటాల్ ఓపెన్ గెలిచాడు. ఆ రోజు వాన. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న దేశం. తెల్లవాళ్లు క్లబ్బు భవనం లోపల వెచ్చగా కూర్చున్నారు. గెలిచినవాడు బయట వానలో నిలబడి బహుమతి అందుకున్నాడు. ఆ మైదానంలోని ఇసకా, వాలూ, గాలీ అతన్ని నీ రంగేమిటని అడగలేదు. తెల్లవాళ్లని ఎంత ఏడిపించాయో అతన్నీ అంతే ఏడిపించాయి. అడిగింది తలుపు. కష్టం ఎవరినీ వెలివెయ్యదు. వెలివేసేది తాళం.

మరి నిన్నటిదాకా గేటు బయట ఉన్నవాడు, తాతల కాలంనుంచి లోపల ఉన్నవాడితో ఎలా ఆడతాడని అడగొచ్చు. దానికి గోల్ఫ్‌వాళ్లే ఒక ఉపాయం కనిపెట్టారు. హ్యాండిక్యాప్ అంటారు. 72 దెబ్బల్లో ముగించేవాడూ, 90 దెబ్బలు పట్టేవాడూ పోటీపడితే, రెండోవాడికి పద్దెనిమిది తగ్గించి లెక్క కడతారు. ఇద్దరూ ఆడేది అదే కొండ మీద, అవే గుంతల్లో. ఆట మెరుగుపడేకొద్దీ ఆ తగ్గింపు తగ్గుతూ వస్తుంది. దీనివల్ల ప్రతిభకి అన్యాయం జరిగిందని క్లబ్బుల్లో కూర్చున్న పెద్దలెవరూ గగ్గోలు పెట్టరు. వాళ్లే మన దగ్గరికొచ్చి రిజర్వేషన్ల వల్ల ప్రమాణాలు పడిపోయాయంటారు! పోలిక పూర్తిగా అతకదని నాకూ తెలుసు. హ్యాండిక్యాప్ కొలిచేది ఒక మనిషి ఆటలోని కొరతని. రిజర్వేషన్ కొలిచేది సమాజం చేసిన కొరతని. అయినా సూత్రం ఒకటే. చదును చెయ్యాల్సింది కొండని కాదు, కొండదాకా వచ్చే దారిని.

ఇక మన కాలేజీ. ఈ ఏడు విద్యార్థి సంఘం ప్రిన్సిపాలుగారికిచ్చిన వినతిపత్రం నేనూ చదివాను. అందులో రెండు కోర్కెలు నా దృష్టిలో పడ్డాయి. హాస్టలు వెనక గ్రౌండుకి వేసిన తాళం తీయాలనేది మొదటిది. కొత్త కోర్టు వేసిన దగ్గర్నుంచి సాయంత్రం అయిదు దాటితే, బయటి నుంచి డబ్బు కట్టి వచ్చేవాళ్లకే ప్రవేశం. మన పిల్లలు గోడెక్కి చూస్తున్నారు. మా నాన్న కొడుకుగా చెబుతున్నాను, ఈ కోర్కె మీద నా సంతకం కూడా వేసుకోండి. లైబ్రరీ రాత్రి తొమ్మిదిదాకా తెరవాలనీ, పనిచేసుకుంటూ చదివేవాళ్లకి ఆదివారం ల్యాబు ఇవ్వాలనీ కూడా కలపండి. వాటికీ సంతకం పెడతాను. ల్యాబుకి తాళం వేసి ప్రమాణాలు కాపాడుతున్నామనుకునే పెద్దలు మా అధ్యాపకుల్లోనూ ఉన్నారు. వాళ్లు కర్జన్ శిష్యులు.

రెండో కోర్కె, ఎక్కువమంది తప్పుతున్న పేపర్లో ఒక యూనిట్ తీసెయ్యాలనీ, ప్రశ్నలు ముందుగా ఇచ్చిన పట్టికలోంచే రావాలనీ. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. ఇది ఆ కొండని చదును చేయమనడం. తప్పుతున్నారంటే నేర్పడంలో లోపముంది, మా లోపం. అదనపు క్లాసులు అడగండి, ట్యుటోరియల్ అడగండి, ఇంగ్లీషు రాక వెనకబడినవాళ్లకి తెలుగులో విడమర్చి చెప్పమని నిలదీయండి. మేం చెప్పి తీరాలి. నాకు ఎక్కడ నిలబడాలో చూపించిన ఆ కుర్రాడు చేసిన పనే మేమూ చెయ్యాలి. అతను నా బదులు బంతి కొట్టలేదు, గుంతని దగ్గరికి జరపలేదు. పక్కన నడిచాడు. మొదటి తరం చదువుకుంటున్న పిల్లవాడు ఇంత దూరం వచ్చింది చదును చేసిన నేల మీద నడవడానికి కాదు. వాడు డిగ్రీ పట్టుకుని బయటికి పోయినప్పుడు ఎదురయ్యే కొండల్ని ఏ సంఘమూ చదును చెయ్యలేదు. సులువు చేసిన డిగ్రీ నష్టపెట్టేది కూడా వాణ్ణే. ఉన్నవాడికి ఇంకో దారి ఎప్పుడూ ఉంటుంది.

అధ్యాపకుడు గనక ఇలాగే అంటాడని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోండి. కాని ఈ మాట అంటున్నది కర్ర ముట్టుకుంటే తండ్రి పని ఊడిపోతుందని వెనక్కి తగ్గినవాడు కూడానని మరిచిపోకండి. గేటు మూసి ఉండడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొండ కష్టంగా ఉండడం ఎలా ఉంటుందో మొన్ననే తెలిసింది. మొదటిది మనిషిని చిన్నబుచ్చుతుంది. రెండోది అలా కాదు.

తిరుగుబస్సు ఎక్కుతుంటే కుర్రాడు లెక్క రాసిన కార్డు నా చేతికిచ్చి, "మళ్లీ రండి సాబ్, ఈసారి తగ్గుతాయి" అన్నాడు. ఆ 79 ఇప్పుడు మా ఇంట్లో నాన్న ఫొటో వెనకాల ఉంది. ఆ నాలుగో గుంతకి ఎదురుగా ఎనిమిది అని స్పష్టంగానే రాశాడు.

కార్యదర్శిగారికి చివరిమాట. గ్రౌండు తాళం తీసిన రోజున కబురు పెట్టండి. జామకొమ్మ పట్టుకుని నేనొస్తాను. సరుగుడు కాయలు మీరు తెచ్చుకోండి. అయితే ఒకటి, దెబ్బలు ఎవరివి వాళ్లే లెక్కపెట్టుకోవాలి.